రోజుకు రెండు వందల డాలర్లు, ఖర్చులు అదనం: రాక్‌ఫర్డ్ తరహాలో డిటెక్టివ్ ఎపిసోడ్ రాయడమెలా

'ద రాక్‌ఫర్డ్ ఫైల్స్' 1974 సెప్టెంబరు 13 నుంచి 1980 జనవరి 10 దాకా అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో వచ్చింది. రాయ్ హగిన్స్, స్టీఫెన్ జె. కానెల్ కలిసి తయారుచేసిన సిరీస్ ఇది. జేమ్స్ గార్నర్ వేసిన జిమ్ రాక్‌ఫర్డ్ మాలిబులోని పారడైజ్ కోవ్‌లో, సముద్రం పక్కన ఓ పాత ట్రైలర్‌లో ఉంటాడు. చెయ్యని నేరానికి శాన్ క్వెంటిన్ జైల్లో ఐదేళ్లు గడిపి, క్షమాభిక్షతో బయటికొచ్చి, లైసెన్సు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. తుపాకీ బిస్కెట్ల జాడీలో పడుంటుంది. దెబ్బలాటంటే పక్కకు తప్పుకుంటాడు. ఫీజు రోజుకు 200 డాలర్లు, ఖర్చులు అదనం, అందులో చాలా భాగం చేతికి రాదు.

డిటెక్టివ్ వెబ్ సిరీస్ రాయాలనుకునేవాళ్లు మొట్టమొదట హంతకుడెవరో తేల్చుకుని కూర్చుంటారు. రాక్‌ఫర్డ్ కథ అక్కడ మొదలుకాదు. "నన్ను నిజంగా ఏ పనికి పెట్టుకున్నారు?" అన్న ప్రశ్నే ఆ బండికి ఇంజను. 'కొలంబో' అనే ఇంకో అమెరికన్ డిటెక్టివ్ సిరీస్‌లో హంతకుణ్ని ముందే చూపించి, ఎలా దొరుకుతాడా అని మనల్ని కూర్చోబెడతారు. ఇక్కడ క్లయింటు చెప్పిన అబద్ధం పొర తర్వాత పొర ఊడుతుంటే చూస్తాం. ఈ తేడా పట్టుకోకుండా ట్రైలర్‌నీ కారునీ కాపీ కొడితే వేషం దొరుకుతుందేమో గానీ కథ దొరకదు.

ముందు ఒక ఎపిసోడ్ విప్పండి

రెండు భాగాలవి వద్దు, ఒక్క ఎపిసోడ్‌లో ముగిసే కథ తీసుకోండి. మొదటి సీజన్లో మొదటిదైన 'ది కిర్కాఫ్ కేస్' బాగుంటుంది. తల్లిదండ్రుల్ని చంపాడని అందరూ అనుమానించే డబ్బున్న కుర్రాడు అందులో క్లయింటు, ఆ పాత్రలో అప్పటి కుర్ర జేమ్స్ వుడ్స్. మొదటి సీనులోనే క్లయింటుకు అబద్ధమాడే అవసరం ఉందని తెలిసిపోతుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు అనువు.

ఒకసారి మామూలుగా చూసెయ్యండి. రెండోసారి నోటుబుక్కుతో కూర్చుని, సీను మారినప్పుడల్లా ఆపి ఐదు గళ్లు నింపండి: టైము, చోటు, ఎవరు ఎవరి దగ్గర ఏం ఆశిస్తున్నారు, కొత్తగా ఏం తెలిసింది, ఇందులో ఎవరికి ఖర్చు. మొదటి నాలుగూ ఏ స్క్రీన్‌ప్లే క్లాసులోనైనా చెప్తారు. ఐదోది ఈ సిరీస్‌కే ప్రత్యేకం, అందరూ వదిలేసేదీ అదే. ఖర్చంటే డబ్బొక్కటే కాదు. పగిలిన పెదవి, సొట్టపడ్డ డోరు, స్నేహితుడి దగ్గర అరిగిపోయిన మొహమాటం, అన్నీ అందులోకే వస్తాయి.

కాపీ విషయంలో రెండు జాగ్రత్తలు. పునఃప్రసారాల కోసం ప్రకటనలకు చోటిస్తూ కోసిన ప్రింట్లలో కొన్ని నిమిషాలు ఎగిరిపోయి ఉంటాయి. అది చూసి లెక్కలేస్తే, నాటిన క్లూ ఒకచోట, దాని ఫలితం ఇంకోచోట తెగిపోయి స్క్రిప్టే లోపభూయిష్టంగా ఉందనిపిస్తుంది. రెండోది పాల్ అనే టీవీ ప్రసార పద్ధతికి తయారుచేసిన డీవీడీలు. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన ఫిల్మును అవి 25 ఫ్రేముల వేగంతో తిప్పుతాయి, అంటే 4 శాతం వేగం. 50 నిమిషాల ఎపిసోడ్ 48లో అయిపోతుంది. మీ టైమింగులు వేరేవాళ్ల టైమింగులతో కలవకపోతే కారణం ఇదే కావచ్చు.

తెర పూర్తిగా నల్లబడే ప్రతి చోటా ఎర్ర గీత గీయండి. అక్కడ ప్రకటనలు పడేవి, యాక్టు, అంటే కథలో ఒక అంకం, ముగిసేది. ఆ గీతకు ముందు చివరి సీనులో రాక్‌ఫర్డ్ తన పని గురించి నమ్మినదాంట్లో ఏది తలకిందులైందో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యాల్ని వరుసగా పెడితే ఎపిసోడ్ వన్‌లైన్ ఆర్డర్ (కథ వరుస క్లుప్తంగా) మీ చేతిలో ఉన్నట్టే. వాక్యం రావట్లేదంటే సాధారణంగా మీరు సంఘటన రాస్తున్నారన్నమాట. "కారు మీద కాల్పులు" అన్నది సంఘటన. "తను వెతుకుతున్న మనిషి కోసం ఇంకెవరో కూడా వెతుకుతున్నారని తెలిసింది" అన్నది తిరగబడిన నమ్మకం.

క్లయింటు అబద్ధం, మూడు పొరలు

మీ కథకు మొదట రాయాల్సిన కాగితం ఇది. క్లయింటు చెప్పేది ఒక పొర. క్లయింటుకు తెలిసీ చెప్పనిది రెండో పొర. క్లయింటుకే తెలియనిది మూడోది. మూడో పొర లేకపోతే రెండో యాక్టు చివరికే కథ అయిపోతుంది, మిగతా సగం ఛేజులతో నింపుకోవాలి.

ఒక కేసు కట్టి చూద్దాం. లాస్ ఏంజెలిస్, 1975. ఓ రవాణా కంపెనీలో లెక్కలు రాసే ఆయన గుండెపోటుతో పోయాడు. భార్య తొందరపడి పేపర్లో ప్రకటన ఇచ్చి ఆయన కారు నగదుకు అమ్మేసింది. ఇప్పుడు ఆ కారు వెనక్కి కావాలంటోంది, ఆయన గుర్తుగా ఉంచుకుంటుందట. ఇది మొదటి పొర. ఆయన కంపెనీ దొంగ లెక్కల చిన్న పుస్తకాన్ని స్పేర్ టైరు లోపల, రిమ్ముకూ టైరుకూ మధ్య దాచాడని ఆమెకు తర్వాత తెలిసింది. ఇది రెండో పొర. డిటెక్టివ్‌ను పెట్టుకొమ్మని సలహా ఇచ్చిన కుటుంబ లాయరు పేరు ఆ పుస్తకంలోనే ఉంది. అది ఆమెకు తెలియదు. రాక్‌ఫర్డ్ కారును కనిపెడితే వెనకాలే వెళ్లి అందుకోవాలని లాయరు మనుషులు కాచుకుని ఉన్నారు.

గమనించండి, విలన్లకు డిటెక్టివ్ పని జరగాలి. అందుకే మొదటి సగంలో అతన్ని చంపరు, వెంటపడతారు. "ఇంత బలమున్నవాళ్లు హీరోని మొదట్లోనే ఎందుకు లేపెయ్యలేదు?" అని ప్రేక్షకుడు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే పెట్టుకోవాలి. తర్వాత అతికిస్తే అతుకు కనిపిస్తుంది.

ఫీజు మాట్లాడుకునే సీను కుదించొద్దు. 1974లో అమెరికాలో ఆదాయాల వరుసలో సరిగ్గా మధ్యనున్న ఇంటి ఏడాది ఆదాయం దాదాపు 11 వేల డాలర్లు. రోజుకు 200 అంటే క్లయింటు గుండె ఝల్లుమనే మొత్తం. ఆమె బేరమాడే తీరులో, అడ్వాన్సు ఎలా ఇస్తుందన్నదాంట్లో ఆమె అబద్ధం సగం బయటపడాలి. జ్ఞాపకం కోసం కారు వెతికిస్తున్నామె వారం రోజుల ఫీజుకు తల ఊపేస్తే రాక్‌ఫర్డ్‌కు అనుమానం రావాలి. అయినా ఒప్పుకోవాలి, ట్రైలర్ బిల్లులున్నాయి మరి. రెండు పేజీలన్నా ఇవ్వండి.

పేజీల లెక్క

ఒక పేజీ ఒక నిమిషం అన్న పాత లెక్కే. 50 నుంచి 52 పేజీలు పెట్టుకోండి. మొదట రాక్‌ఫర్డ్ ఫోను ఆన్సరింగ్ మెషీన్లో (మనిషి లేనప్పుడు కబురు రికార్డు చేసే యంత్రం) వినిపించే కబురు పావు పేజీ, మొదటి యాక్టు 13 లేదా 14, తర్వాత రెండు 12 చొప్పున, నాలుగోది 11, చివర పేజీన్నర ముక్తాయింపు. మొదటి యాక్టు పెద్దదిగా ఉండడం తప్పు కాదు. ప్రేక్షకుడు కుదురుకునే దాకా ప్రకటన పడకూడదు.

మన కేసులో యాక్టు చివరలు ఇలా పడతాయి. కారు కొన్న కుర్రాడు దొరుకుతాడు, కారుతో విసిగిపోయి ఉన్నాడు, రాక్‌ఫర్డ్ సొంత డబ్బుతో కొంటాడు. తెల్లారేసరికి డిక్కీ పగలగొట్టి, లోపలి టైరును కత్తితో నిలువునా చీల్చి ఉంటారు. గుర్తుగా దాచుకునే కారు టైరు ఎవరూ చీల్చరు. మొదటి నల్లతెర. రెండో యాక్టు చివర కుర్రాడి శవం, అతని జేబులో రాక్‌ఫర్డ్ ఇచ్చిన దొంగ విజిటింగ్ కార్డు. మూడో దాని చివర క్లయింటు, పక్కన లాయరు, పోలీసుల ముందు: "ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు." మన సినిమా లెక్కలో రెండో నల్లతెర ఇంటర్వెల్ బ్యాంగ్. అయితే ఇక్కడ బ్యాంగ్ హీరో మీద పడాలి, హీరో ఇచ్చేది కాదు.

ఓటీటీలో ప్రకటనలు లేవు కదా, యాక్టులెందుకని కొందరంటారు. ప్రకటన లేకపోయినా రిమోటు చేతిలోనే ఉంది. పన్నెండు నిమిషాలకోసారి నమ్మకం తిరగబడకపోతే ఫోను చూడ్డం మొదలుపెడతారు.

ఒక వస్తువు, మూడు చూపులు

క్లూ విషయంలో ఈ సిరీస్ నుంచి నేర్చుకోవాల్సింది పొదుపు. ఎపిసోడ్‌కు నిజమైన క్లూ ఒకటి చాలు, కాకపోతే అది చేత్తో పట్టుకోగలిగేదై ఉండాలి. మొదటిసారి కనిపించినప్పుడు దానికి వేరే అర్థం ఉండాలి. రెండోసారి చికాకు పెట్టాలి. మూడోసారే అసలు సంగతి చెప్పాలి.

కుర్రాడు కారు ఎందుకు వదిలించుకుంటున్నాడు? పంక్చరయ్యాక స్పేర్ టైరు వేసుకున్నాడు, అప్పట్నుంచీ బండి 50 మైళ్లు దాటితే వణుకుతోంది. మొదటి చూపులో ఇది బేరానికి పనికొచ్చే లోపం. రెండో యాక్టు ఛేజులో అదే కారు నడుపుతున్న రాక్‌ఫర్డ్ చేతుల్లో స్టీరింగ్ గడగడలాడుతుంది, అప్పుడది ప్రాణసంకటం, కొంచెం నవ్వు కూడా. నాలుగో యాక్టులో లారీ డ్రైవరుగా బతుకు గడిపిన తండ్రి రాకీ చక్రాల చుట్టూ తిరిగి చూస్తాడు: మూడు టైర్లు అరిగిపోయాయి, ఒకటి కొత్తది, వణుకు ఆ కొత్తదాని దగ్గర్నుంచే వస్తోంది. కొత్త టైరు అంతగా బ్యాలెన్సు తప్పడం అరుదు, లోపల ఏదో ఉండాలి. పుస్తకం డిక్కీలో లేదు, రోడ్డు మీద తిరుగుతూనే ఉంది. విలన్లు చీల్చింది పంక్చరైన టైరును.

ఇందులో జాగ్రత్త: వణుకు సంగతి డిటెక్టివ్ కన్నా ముందు ప్రేక్షకుడికి తెలిసి ఉండాలి. మూసిన తలుపు వెనక డిటెక్టివ్ ఏదో చూసి, చివర్లో మనకు చెప్పడం మోసం. పక్కాగా ఉందో లేదో చూడాలంటే స్క్రిప్టులో క్లూ ఉన్న చోటల్లా రంగు పెన్సిల్‌తో గీయండి. మొదటి, రెండో గీతల మధ్య 20 పేజీలు దాటితే మర్చిపోతారు, 5 లోపుంటే కనిపెట్టేస్తారు.

కార్డులు అచ్చేసే సీను

రాక్‌ఫర్డ్ కారులో చిన్న అచ్చుయంత్రం ఉంటుంది, అప్పటికప్పుడు ఏ పేరుతో కావాలంటే ఆ పేరుతో విజిటింగ్ కార్డు. కొన్ని ఎపిసోడ్లలో ఓక్లహోమా చమురు వ్యాపారి జిమ్మీ జో మీకర్‌గా మారిపోతాడు. ఈ సీన్లు రాయడం తేలికనిపిస్తుంది, పాడయ్యేదీ ఇక్కడే. అడిగిందే తడవుగా గుమస్తా అన్నీ చెప్పేస్తాడు, హీరో బయటికొచ్చేస్తాడు.

సమాచారం ఇవ్వమని అడిగితే జనం బిగుసుకుంటారు. ఏదో ఇవ్వడానికి వచ్చానంటే వదులవుతారు. మన కేసులో కారు కొన్న కుర్రాడి పేరు ఆమెకు గుర్తులేదు, ఫలానా సూపర్‌మార్కెట్ చొక్కా వేసుకున్నాడని మాత్రం చెప్తుంది. రాక్‌ఫర్డ్ ఇన్సూరెన్సు కంపెనీ కార్డు అచ్చేసుకుని మేనేజరు దగ్గరికెళ్తాడు: "మీ దగ్గర పనిచేసే ఓ కుర్రాడి కారుకు మా పాలసీదారు డ్యాష్ ఇచ్చాడు. చెక్కు ఇవ్వాలి. సంతకం పెట్టకపోతే ఈ రోజుతో చెల్లదు." తొందరలో ఉన్నది తను కాదు, చెక్కు. మేనేజరే అడ్రసు వెతికిస్తాడు. సీను రెండు పేజీలు దాటకూడదు, వెళ్తూ వెళ్తూ ఒక ఆనవాలు వదిలెయ్యాలి. ఇక్కడ అది కార్డు, రెండో యాక్టు చివర శవం జేబులో తేలుతుంది. ఖర్చు గడి గుర్తుందిగా.

నంబరు ప్లేటు ఇచ్చి అడ్రసు తెచ్చుకోవచ్చు కదా అంటే, ఆ కాలపు కాలిఫోర్నియాలో తెచ్చుకోవచ్చు, మోటారు వాహనాల శాఖలో చిన్న రుసుము కడితే చాలు. 1989లో రెబెక్కా షేఫర్ అనే నటి హత్య తర్వాతే అక్కడ కట్టుదిట్టం చేశారు, 1994లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అందుకే మన కేసులో కారు ఇంకా కుర్రాడి పేరుకు మారలేదని పెట్టుకోవాలి, లేకపోతే రాక్‌ఫర్డ్ ఒక్క ఫోనుతో పని ముగిస్తాడు. కథను మన ఊళ్లకు, మన కాలానికి తెస్తే ఇలాంటి దారులు మళ్లీ సరిచూసుకోండి. వాహనాల వివరాలిచ్చే ప్రభుత్వ వాహన్ పోర్టల్లో యజమాని పేరు అక్షరాలు దాచి చూపిస్తుంది. కాల్ డేటా తెప్పించుకోవడం ప్రైవేటు డిటెక్టివ్‌కు నేరం, 2018లో ఠాణే పోలీసులు అందుకే డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. లైసెన్సు పోతుందన్న బెదిరింపు ఇక్కడ నడవదు, ఎందుకంటే డిటెక్టివ్ ఏజెన్సీల బిల్లు 2007లో రాజ్యసభకు వచ్చింది గానీ చట్టం కాలేదు. రాక్‌ఫర్డ్ కథలో సగం భయం ఆ లైసెన్సుదే కాబట్టి, దాని స్థానంలో ఇంకో భయం వెతుక్కోవాలి.

నలుగురు మనుషులు

తండ్రి రాకీ, పోలీసు సార్జెంటు డెనిస్ బెకర్, లాయరు బెత్ డావెన్‌పోర్ట్, జైలు స్నేహితుడు ఏంజెల్ మార్టిన్. వీళ్లలో ఎపిసోడ్‌కు ఇద్దరికి పని పెట్టండి, మూడోవాళ్లు ఒక్క సీనుకు తొంగిచూస్తే చాలు. నలుగురినీ దించితే కేసుకు చోటుండదు.

బెకర్‌ను ఉచిత సమాచార కేంద్రంగా వాడడం కొత్త రచయితల అలవాటు. సిరీస్‌లో బెకర్ సాయం చేసినందుకు తరచూ పై అధికారుల దగ్గర చీవాట్లు తింటాడు, ఆ ఉక్రోషం తర్వాతి సీనులో రాక్‌ఫర్డ్ మీద చూపిస్తాడు. రెండోసారి అడగడం మొదటిసారి కన్నా కష్టంగా ఉండాలి. మూడోసారి అడగలేని స్థితి రావాలి. ఏంజెల్‌కు రహస్యం చెప్తే అమ్మేస్తాడు. ఆ పాత్రకు స్టువర్ట్ మార్గొలిన్ రెండుసార్లు ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) గెలిచాడు, సిగ్గు లేకుండా అమ్మేస్తాడు కాబట్టే నవ్వొస్తుంది. ఏంజెల్‌కు పశ్చాత్తాపం రాయకండి.

దెబ్బలు, కారు

పైలట్‌లో, అంటే సిరీస్‌కు ముందు తీసిన పరిచయ కథలో, విలియం స్మిత్ వేసిన కండల మనిషితో రాక్‌ఫర్డ్‌కు గొడవొస్తుంది. రాక్‌ఫర్డ్ టాయిలెట్‌లోకి వెళ్లి నేల మీద సబ్బునీళ్లు పోసి, గుప్పిట్లో నాణేల చుట్ట బిగించి నిలబడతాడు. అవతలివాడు జారగానే పని కానిస్తాడు. ఈ సిరీస్ ఫైట్ల వ్యాకరణమంతా అందులో ఉంది: ఎదురుగా గెలవలేనని ముందే తెలుసు, గదిలో ఉన్న వస్తువుతో గెలుస్తాడు. మీరు ఫైటు రాసే ముందు ఆ గదిలో ఏమేం ఉంటాయో పది వస్తువులు రాసుకోండి, మొదటి మూడు కొట్టేయండి, అవి అందరికీ తడతాయి. తగిలిన దెబ్బ ఎపిసోడ్ చివరిదాకా ఉండాలి. 20వ పేజీలో పక్కటెముకకు తగిలితే 40వ పేజీలో కారు దిగేటప్పుడు పట్టుకోవాలి.

బంగారు రంగు పాంటియాక్ ఫైర్‌బర్డ్ రివర్సులో వేగంగా వెళ్లి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పి, ముక్కు ఎదురు దిక్కుకు రాగానే గేరు మార్చి ముందుకు దూకడం ఆ సిరీస్ ముద్ర. గార్నర్ డ్రైవింగ్ చాలా భాగం తనే చేసేవాడు. పేజీ మీద దీనికి ఒక్క లైను చాలు, స్టంట్ మాస్టరుకు మీ వర్ణన అక్కర్లేదు. రాయాల్సిందల్లా ఆ తిప్పుడు ఎందుకు అవసరమైందో, దానివల్ల ఏం పాడైందో. ఛేజు మూడు నిమిషాలు దాటితే కేసు సమయం తింటుంది.

జమాఖర్చులు, ఆఖర్న ఫోను

స్క్రిప్టు పక్కన ఒక కాగితం మీద లెక్క కట్టండి. మన కేసు నాలుగు రోజులు, అంటే 800 డాలర్లు రావాలి. కారు కొన్న డబ్బు, పగిలిన డిక్కీ, బెయిలు, రాకీకి బాకీ పడ్డ భోజనం. ముక్తాయింపు పేజీన్నర ఈ కాగితం నుంచే పుడుతుంది. క్లయింటు కృతజ్ఞతతో కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు, చెక్కు మాత్రం బౌన్సవ్వాలి. ఎప్పుడూ నష్టమే చూపిస్తే విసుగొస్తుంది కాబట్టి నాలుగైదు ఎపిసోడ్లకోసారి పదో పరకో మిగలనివ్వండి, దానికీ రాకీ దగ్గర ఓ ఖర్చు సిద్ధంగా ఉంటుంది.

ఎపిసోడ్ మొదట్లో వచ్చే ఆన్సరింగ్ మెషీన్ కబురును మిగతాదంతా అయ్యాక రాయండి. బీప్ తర్వాత ప్రతి ఎపిసోడ్‌కూ వేరే గొంతు, వేరే గొడవ. కథతో సంబంధం అక్కర్లేదు, పెడితే ప్రేక్షకుడు ప్రతిసారీ దాన్నే క్లూ అనుకుంటాడు. 25 మాటల్లోపు, చదివితే 15 సెకన్లు. ముందు మర్యాద, తర్వాత దెబ్బ, చివర్లో డబ్బు. ఉదాహరణకు: "జిమ్, డ్రైక్లీనింగ్ షాపు నుంచి. మీ కోటు మీద రక్తం మరక పోయింది. కోటు కూడా పోయింది. బిల్లు మాత్రం ఉంది, శుక్రవారంలోగా కట్టండి."

మొత్తం అయ్యాక ఇద్దరు మనుషులతో, గడియారం పెట్టుకుని, పైకి చదివించండి. 52 దాటితే ఛేజులోంచి కొయ్యండి, తర్వాత ఫైటులోంచి, తర్వాత ఏంజెల్ జోకుల్లోంచి. ఫీజు బేరం సీనునూ, వణికే స్టీరింగ్ కనిపించే మూడు చోట్లనూ ముట్టుకోవద్దు. 48 కన్నా తగ్గితే కొత్త సీను వెయ్యకండి, బెకర్‌ను రెండోసారి సాయమడిగే సీను తీసి చూడండి. అది పేజీకి తక్కువుంటే లోటు అక్కడే ఉంది.